సీబీఐ విచారణ అడిగితే వచ్చేస్తుందా? అసలు తలుపు తీసేది ఎవరు?

ఎక్కడైనా పెద్ద కుంభకోణం బయటపడినా, పేరున్న నాయకుడి హత్య జరిగినా గంట తిరక్కుండానే టీవీ స్క్రోలింగ్‌లో ఒక లైన్ పరిగెడుతుంది.. 'సీబీఐ విచారణకు డిమాండ్'. ప్రతిపక్షం ప్రెస్‌మీట్ పెట్టి మరీ అడుగుతుంది. అధికార పక్షం 'మన పోలీసులు సమర్థులే' అంటుంది. ఐదేళ్లకు ఎన్నికలొస్తాయి, కుర్చీలు మారతాయి. అప్పటిదాకా అడిగినవాళ్లు వద్దంటారు, వద్దన్నవాళ్లు కావాలంటారు. డైలాగులు అవే, చెప్పేవాళ్లే మారతారు.

ఈ మధ్యలో నలిగిపోయేది మాత్రం బాధిత కుటుంబం. 'సీబీఐ వస్తే నిజం బయటికి వస్తుంది' అన్న నమ్మకంతో కోర్టుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు. కానీ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. సీబీఐ తనంతట తానే ఏ రాష్ట్రంలోకైనా వచ్చి, నచ్చిన కేసు తీసుకోలేదు. ఎవరో ఒకరు తలుపు తీయాలి. ఆ తలుపు తీసేది రాష్ట్రమా, కేంద్రమా, కోర్టా అన్నదాన్ని బట్టే చాలా కేసుల కథ నడుస్తుంది.

ఆ తలుపు సంగతేంటో, ఏపీ, తెలంగాణలో అది ఎన్నిసార్లు తెరుచుకుందో, ఎన్నిసార్లు మూసుకుందో ఇప్పుడు చూద్దాం.

ముందు ఒక మాట: దర్యాప్తు వేరు, విచారణ వేరు

వార్తల్లో మనం అన్నింటినీ కలిపి 'సీబీఐ విచారణ' అనేస్తాం. సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది. సీబీఐ చేసేది దర్యాప్తు. అంటే ఆధారాలు సేకరించడం, సాక్షుల వాంగ్మూలాలు తీసుకోవడం, అవసరమైతే అరెస్టు చేయడం, చివరికి కోర్టులో చార్జిషీట్ వేయడం. ఆ తర్వాత కోర్టులో జరిగేది విచారణ. నేరం చేశారా లేదా తేల్చేది జడ్జి, సీబీఐ కాదు.

అందుకే 'సీబీఐ చార్జిషీట్ వేసింది' అంటే 'దోషి అని తేలిపోయింది' అని అర్థం కాదు. 'సీబీఐ దర్యాప్తు పూర్తి చేసింది' అంటే కేసు ముగిసిందనీ కాదు. ఈ తేడా గుర్తుంచుకుంటే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

సీబీఐ ఎలా పుట్టింది?

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యానికి సరుకులు కొనే శాఖల్లో లంచాలు విపరీతంగా పెరిగిపోయాయి. వాటిని పట్టుకోవడానికి 1941లో బ్రిటిష్ ప్రభుత్వం 'స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్' పేరుతో ఒక విభాగం పెట్టింది. యుద్ధం అయిపోయినా లంచాలు ఆగలేదు. దాంతో 1946లో 'ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం' తెచ్చారు. 1963 ఏప్రిల్ 1న కేంద్ర హోంశాఖ ఒక తీర్మానం ద్వారా సెంట్రల్ బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్‌ను ఏర్పాటు చేసింది. తొలి డైరెక్టర్ డి.పి.కోహ్లి.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఇంత పెద్ద సంస్థకు సొంత పేరుతో చట్టం లేదు. పనిచేసేదంతా ఆ 1946 నాటి ఢిల్లీ పోలీసు చట్టం కింద. చట్టం ప్రకారం చూస్తే ఇది ప్రధానంగా కేంద్ర పాలిత ప్రాంతాలకు సంబంధించిన ప్రత్యేక పోలీసు. రాష్ట్రాల్లోకి రావాలంటే పర్మిషన్ కావాలి.

ఈ లోటు ఎంతదాకా వెళ్లిందంటే, 2013 నవంబర్‌లో గువాహటి హైకోర్టు ఏకంగా సీబీఐ ఏర్పాటు తీర్మానాన్నే కొట్టేసింది. దేశమంతా సీబీఐ కేసులు ఏమవుతాయో అన్న టెన్షన్ మొదలైంది. కేంద్రం హుటాహుటిన సుప్రీంకోర్టుకు వెళ్లింది. మూడు రోజుల్లోనే, నవంబర్ 9న, సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. సీబీఐ ఊపిరి పీల్చుకుంది.

ఏ కేసులు సీబీఐకి వెళ్తాయి?

ప్రధానంగా మూడు రకాలు.

ఒకటి, అవినీతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ బ్యాంకులు, కేంద్ర సంస్థల సిబ్బంది మీద వచ్చే లంచం కేసులు.

రెండు, ఆర్థిక నేరాలు. పెద్ద బ్యాంకు మోసాలు, కంపెనీల్లో జరిగే అక్రమాలు.

మూడు, ప్రత్యేక నేరాలు. హత్యలు, కిడ్నాప్‌లు, రాజకీయంగా సున్నితమైన కేసులు. సాధారణంగా రాష్ట్ర ప్రభుత్వం కోరితేనో, కోర్టు ఆదేశిస్తేనో ఇవి సీబీఐకి చేరతాయి.

ఇక్కడ చాలామంది పొరపడే పాయింట్ ఒకటుంది. తహసీల్దార్ ఆఫీసులో లంచం తీసుకుంటూ దొరికితే పట్టుకునేది రాష్ట్ర ఏసీబీ. రైల్వే, ఇన్‌కమ్ ట్యాక్స్, సెంట్రల్ జీఎస్టీ, ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగి దొరికితే పట్టుకునేది సీబీఐ. సీబీఐలోనూ 'యాంటీ కరప్షన్ బ్రాంచ్' అని ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. కానీ వేరు వేరు.

మరి ఈడీ, ఎన్‌ఐఏ? ఈడీ ఆర్థిక శాఖ కింద ఉంటుంది, మనీ లాండరింగ్ కేసులు చూస్తుంది. ఎన్‌ఐఏ హోంశాఖ కింద ఉంటుంది, ఉగ్రవాదం కేసులు చూస్తుంది. 2008 ముంబై దాడుల తర్వాత దీన్ని ప్రత్యేక చట్టంతో పెట్టారు. ఈ రెండింటికీ రాష్ట్రాల సమ్మతి అక్కర్లేదు. సీబీఐకి మాత్రం కావాలి. సీబీఐ పాలనాపరంగా కేంద్ర సిబ్బంది శాఖ కింద ఉంటుంది. ఆ శాఖ ప్రధాని దగ్గరే ఉంటుంది.

సీబీఐకి మూడు తలుపులు

మొదటి తలుపు, రాష్ట్ర సమ్మతి. 1946 చట్టంలోని సెక్షన్ 6 ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంటేనే సీబీఐ ఆ రాష్ట్రంలో దర్యాప్తు చేయాలి. ఈ సమ్మతి రెండు రకాలు. ప్రతిసారీ అడగకుండా ముందే ఇచ్చేది 'జనరల్ కన్సెంట్', అంటే సాధారణ సమ్మతి. ఒక్కో కేసుకు విడిగా ఇచ్చేది ప్రత్యేక సమ్మతి.

రెండో తలుపు, కేంద్రం నోటిఫికేషన్. రాష్ట్రం 'ఈ కేసు తీసుకోండి' అని రాయగానే అయిపోదు. కేంద్రం సెక్షన్ 5 కింద నోటిఫికేషన్ ఇవ్వాలి. అప్పుడే సీబీఐ అధికారం ఆ రాష్ట్రానికి, ఆ కేసుకు వర్తిస్తుంది. అంటే రాష్ట్రం లేఖ రాసినా ఢిల్లీలో ఫైల్ కదలకపోతే కేసు అక్కడే ఆగిపోవచ్చు. టీవీలో 'సీబీఐకి అప్పగింత' అని బ్రేకింగ్ వచ్చిన రోజే సీబీఐ రంగంలోకి దిగినట్టు కాదు.

మూడో తలుపు, కోర్టు. హైకోర్టు గానీ సుప్రీంకోర్టు గానీ ఆదేశిస్తే రాష్ట్రం సమ్మతి అవసరం లేదు. 2010 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ విషయం తేల్చేసింది. అయితే అదే తీర్పులో ఒక హెచ్చరిక కూడా చేసింది. ఎవరో ఆరోపణ చేశారని మామూలుగా ఇచ్చేయకూడదు, అరుదైన పరిస్థితుల్లోనే ఈ అధికారం వాడాలి అని.

ఇంకో మాట. కింది స్థాయి మేజిస్ట్రేట్ కోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించలేదు. హైకోర్టు, సుప్రీంకోర్టులకే ఆ అధికారం.

ఏపీలో తలుపు ఎన్నిసార్లు మూసి తెరిచారు?

2018 మార్చిలో టీడీపీ ఎన్డీయే నుంచి బయటికొచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో చంద్రబాబు ప్రభుత్వం సీబీఐకి ఇచ్చిన సాధారణ సమ్మతిని వెనక్కి తీసుకుంది. ఆ వెంటనే పశ్చిమ బెంగాల్‌లో మమతా బెనర్జీ సర్కారు కూడా అదే పని చేసింది.

2019లో ప్రభుత్వం మారింది. జూన్‌లో జగన్ ప్రభుత్వం ఆ సమ్మతిని పునరుద్ధరించింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది. ఈసారి టీడీపీ ఎన్డీయేలో ఉంది. కూటమి ప్రభుత్వం సీబీఐకి సమ్మతి ఇస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల మీద దర్యాప్తు చేయాలంటే మాత్రం ముందస్తు అనుమతి ఉండాలని షరతు పెట్టింది.

గమనించారా? ఈ ఆరేళ్లలో మారింది సీబీఐ చట్టం కాదు. రాష్ట్రంలో ఉన్న పార్టీకి, ఢిల్లీలో ఉన్న పార్టీకి మధ్య దూరం.

తెలంగాణ సంగతేంటి?

తెలంగాణలో కేసీఆర్ ప్రభుత్వం 2022 ఆగస్టు 30న జీవో 51తో సాధారణ సమ్మతిని వెనక్కి తీసుకుంది. ఆ విషయం వెంటనే బయటికి రాలేదు. ఎమ్మెల్యేల కొనుగోలు కేసులో సీబీఐ దర్యాప్తు కోరుతూ బీజేపీ హైకోర్టుకు వెళ్లినప్పుడు, అక్టోబర్‌లో, ప్రభుత్వం కోర్టులో చెప్పింది. అప్పుడే జనానికి తెలిసింది.

మరి ఆ కేసులో సీబీఐ రాకుండా ఆగిందా? లేదు. 2022 డిసెంబర్ 26న హైకోర్టు సింగిల్ జడ్జి ఆ కేసును సీబీఐకి బదిలీ చేస్తూ తీర్పు ఇచ్చారు. 2023 ఫిబ్రవరిలో డివిజన్ బెంచ్ కూడా దాన్ని సమర్థించింది. ప్రభుత్వం మొదటి తలుపు మూసినా మూడో తలుపు తెరుచుకుందన్నమాట. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

2023 డిసెంబర్‌లో కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది. 2025లో కాళేశ్వరం ప్రాజెక్టుపై జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ నివేదిక వచ్చాక, అసెంబ్లీలో చర్చ పెట్టి, దర్యాప్తును సీబీఐకి ఇవ్వాలని రేవంత్ ప్రభుత్వం నిర్ణయించింది. రాష్ట్రంలో సాధారణ సమ్మతి లేదు కాబట్టి ఈ ఒక్క అంశానికి విడిగా సమ్మతి ఇవ్వాల్సి వచ్చింది. అంటే తలుపు మూసే ఉంచి, కిటికీ ఒకటి తెరిచినట్టు.

ఈ విషయంలో మనమే కాదు. తమిళనాడు 2023 జూన్‌లో, కర్ణాటక 2024 సెప్టెంబర్‌లో సమ్మతి వెనక్కి తీసుకున్నాయి. కేరళ, పంజాబ్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ అంతకుముందే తీసుకున్నాయి. మహారాష్ట్రలో మాత్రం ఉద్ధవ్ ఠాక్రే ప్రభుత్వం తీసుకుంటే, ప్రభుత్వం మారాక 2022లో మళ్లీ ఇచ్చారు.

సమ్మతి వెనక్కి తీసుకుంటే పాత కేసులు ఆగిపోతాయా అంటే, ఆగవు. అప్పటికే మొదలైన దర్యాప్తు కొనసాగుతుందని సుప్రీంకోర్టు 1994లోనే సిక్కిం మాజీ సీఎం కేసులో చెప్పింది. మూసిన తలుపు కొత్త కేసులకే.

నంద్యాల నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ప్రశ్న

రాష్ట్ర విభజన కూడా ఈ సమ్మతి మీద ఒక చిక్కుముడి వేసింది. నంద్యాలలో పనిచేసే సెంట్రల్ ఎక్సైజ్ అధికారి ఒకరి మీద 2017లో సీబీఐ లంచం కేసు పెట్టింది. 'సీబీఐకి సమ్మతి ఇచ్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. విభజన తర్వాత కొత్త ఏపీ మళ్లీ సమ్మతి ఇవ్వలేదు కదా' అన్నది వాదన. ఏపీ హైకోర్టు ఆ వాదనతో ఏకీభవించి కేసు కొట్టేసింది.

2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. విభజనకు ముందు అమల్లో ఉన్న చట్టాలు, ఉత్తర్వులు మార్చేదాకా కొత్త రాష్ట్రానికీ వర్తిస్తాయని చెప్పింది. పైగా నిందితుడు కేంద్ర ఉద్యోగి, నేరం కేంద్ర చట్టం కింద. ఎక్కడ పనిచేస్తున్నాడన్న ఒక్క కారణంతో రాష్ట్రం సమ్మతి కావాలనడం కుదరదని స్పష్టం చేసింది.

దీని వల్ల మనలాంటివాళ్లకు ఒరిగిందేంటి? కేంద్ర ఉద్యోగి లంచం అడిగితే 'మా రాష్ట్రంలో సమ్మతి ఉందా లేదా' అని మీరు తల పట్టుకోనక్కర్లేదు. అలాంటి కేసులో సీబీఐ ముందుకెళ్లడానికి ఈ తీర్పు దారి సుగమం చేసింది.

సీబీఐ ఎవరి మాట వింటుంది?

రాష్ట్రాలు తలుపు ఎందుకు మూస్తున్నాయో అర్థం కావాలంటే ఈ ప్రశ్నకు జవాబు కావాలి. 'కేంద్రంలో ఎవరుంటే వాళ్ల చేతిలో ఆయుధం' అన్నది ప్రతిపక్షాల పాత ఆరోపణ. కాంగ్రెస్ కేంద్రంలో ఉన్నప్పుడు బీజేపీ అదే అంది. ఇప్పుడు కాంగ్రెస్ అదే అంటోంది.

కోర్టులూ ఊరుకోలేదు. 1997 డిసెంబర్‌లో వినీత్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు కీలక తీర్పు ఇచ్చింది. జైన్ హవాలా కేసులో పెద్ద నేతల పేర్లు వచ్చినా దర్యాప్తు కదలకపోవడంతో వేసిన పిటిషన్ అది. డైరెక్టర్‌కు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, కేంద్ర విజిలెన్స్ కమిషన్ పర్యవేక్షణ ఉండాలని కోర్టు చెప్పింది. హవాలా ఆరోపణలు సీబీఐ చేతికి వచ్చిన ఆ రోజుల్లో డైరెక్టర్‌గా ఉన్నవారిలో ఒకరు మన తెలుగువారే, కె.విజయరామారావు. రిటైరయ్యాక టీడీపీలో చేరి ఖైరతాబాద్ నుంచి గెలిచి మంత్రి అయ్యారు.

2013 మేలో బొగ్గు గనుల కేటాయింపు కేసు వచ్చింది. కోర్టుకు ఇవ్వాల్సిన దర్యాప్తు నివేదికను ముందే కేంద్ర మంత్రి, అధికారులు చూశారని తేలింది. సుప్రీంకోర్టు సీబీఐని 'పంజరంలో చిలుక'తో పోల్చింది ఆ సందర్భంలోనే. న్యాయశాఖ మంత్రి అశ్వనీ కుమార్ రాజీనామా చేశారు. పదకొండేళ్ల తర్వాత, 2024 సెప్టెంబర్‌లో, కేజ్రీవాల్ బెయిల్ కేసులో జస్టిస్ ఉజ్జల్ భుయాన్ మళ్లీ అదే చిలుకను గుర్తుచేశారు. ఆ ముద్ర పోగొట్టుకోవాల్సిన బాధ్యత సీబీఐదేనన్నారు. ప్రభుత్వం మారింది, పోలిక మాత్రం మారలేదు.

ఇప్పుడు డైరెక్టర్‌ను ఎంపిక చేసేది ముగ్గురు సభ్యుల కమిటీ. ప్రధాని, లోక్‌సభలో ప్రతిపక్ష నేత, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి లేదా ఆయన సూచించిన జడ్జి. రెండేళ్ల పదవీకాలం తర్వాత ఏడాదికోసారి చొప్పున పొడిగిస్తూ మొత్తం ఐదేళ్ల దాకా ఉంచేలా 2021లో చట్టం మార్చారు. 'ఏడాదికోసారి పొడిగింపు కోసం ఎదురుచూసే అధికారి ప్రభుత్వాన్ని ఎలా ఎదిరిస్తాడు?' అన్నది విమర్శకుల ప్రశ్న. అనుభవం ఉన్న అధికారిని కొనసాగించడానికే అన్నది ప్రభుత్వ సమాధానం.

2018 అక్టోబర్ 23 అర్ధరాత్రి జరిగింది గుర్తుందా? డైరెక్టర్ అలోక్ వర్మ, స్పెషల్ డైరెక్టర్ రాకేష్ అస్థానా ఒకరి మీద ఒకరు అవినీతి ఆరోపణలు చేసుకున్నారు. కేంద్రం ఇద్దర్నీ సెలవుపై పంపింది. ఉమ్మడి వరంగల్ జిల్లాకు చెందిన ఎం.నాగేశ్వరరావుకు తాత్కాలిక బాధ్యతలు ఇచ్చింది. ఎంపిక కమిటీని అడగకుండా డైరెక్టర్‌ను తప్పించడం చెల్లదని 2019 జనవరి 8న సుప్రీంకోర్టు వర్మను మళ్లీ కూర్చోబెట్టింది. రెండు రోజులు తిరక్కముందే కమిటీ 2-1 తేడాతో ఆయన్ను తప్పించింది. దేశంలో పెద్ద కేసులు తేల్చాల్సిన సంస్థ తన సొంత ఇంటి గొడవ కోసం కోర్టుకెక్కింది.

సీబీఐ వచ్చాక ఎంత కాలం పడుతుంది?

బాధితులకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. మన దగ్గరి మూడు కేసులు చూడండి.

సత్యం కంప్యూటర్స్: 2009 జనవరి 7న రామలింగరాజు లేఖతో కుంభకోణం బయటపడింది. ముందు రాష్ట్ర సీఐడీ, తర్వాత సీబీఐ దిగింది. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చింది. ఆరేళ్లకు పైగా. ఆ తర్వాత అప్పీళ్లు. సీబీఐ కేసుల్లో ఇది వేగంగా తేలినట్టే లెక్క.

ఓబుళాపురం మైనింగ్: 2009 డిసెంబర్‌లో రోశయ్య ప్రభుత్వం కోరడంతో సీబీఐ కేసు పెట్టింది. 2011 సెప్టెంబర్ 5న గాలి జనార్దన్ రెడ్డిని అరెస్టు చేసింది. 2025 మే 6న హైదరాబాద్‌లోని సీబీఐ కోర్టు ఆయన సహా పలువురికి ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. అదే కేసులో అప్పటి గనుల మంత్రి సబితా ఇంద్రారెడ్డిని నిర్దోషిగా ప్రకటించింది. కేసు పెట్టిన నాటి నుంచి తీర్పుకు పదిహేనేళ్లు దాటింది. తర్వాత నెలలోనే హైకోర్టు శిక్షను నిలిపేసి బెయిల్ ఇచ్చింది.

ఈ కేసుతోనే జాయింట్ డైరెక్టర్ వి.వి.లక్ష్మీనారాయణ పేరు ఇంటింటికీ తెలిసింది. 'జేడీ' అన్న పోస్టు పేరే ఆయనకు ఇంటిపేరైపోయింది. కానీ ఆయన మహారాష్ట్ర కేడర్ ఐపీఎస్. డెప్యుటేషన్ మీద వచ్చారు, గడువు అయ్యాక 2013లో వెళ్లిపోయారు. సీబీఐలో చాలామంది అధికారులు ఇలా కొన్నేళ్ల కోసం వచ్చేవాళ్లే. అధికారి వెళ్లిపోతాడు, కేసు మాత్రం ఉండిపోతుంది. సిబ్బంది ఖాళీల గురించి పార్లమెంటు స్థాయీ సంఘం ఎన్నోసార్లు చెప్పింది కూడా.

వివేకా హత్య కేసు: 2019 మార్చి 15న పులివెందులలో మాజీ మంత్రి వైఎస్ వివేకానందరెడ్డి హత్య జరిగింది. రెండు ప్రభుత్వాల హయాంలో సిట్‌లు పనిచేశాయి. కుమార్తె సహా పలువురి పిటిషన్లపై 2020 మార్చి 11న ఏపీ హైకోర్టు కేసును సీబీఐకి ఇచ్చింది. 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాద్‌కు మార్చింది. 2023 మార్చిలో దర్యాప్తు ఆలస్యంపై అసంతృప్తి వ్యక్తం చేసి దర్యాప్తు అధికారినే మార్పించింది. సీబీఐ వచ్చినా కోర్టు వెంటపడాల్సి వచ్చిందన్నది ఇక్కడ గమనించాలి.

దేశం మొత్తం లెక్క చూస్తే పరిస్థితి ఇంకా అర్థమవుతుంది. సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ నివేదిక ప్రకారం 2024 డిసెంబర్ 31 నాటికి సీబీఐ దర్యాప్తు చేసిన 7,072 అవినీతి కేసులు కోర్టుల్లో పెండింగ్‌లో ఉన్నాయి. వాటిలో 2,281 కేసులు పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల మధ్యవి. 379 కేసులైతే ఇరవై ఏళ్లు దాటిపోయాయి. ఉద్యోగంలో చేరినవాడు రిటైర్మెంట్ దగ్గరికొచ్చినా కేసు తేలని పరిస్థితి.

మధ్యేమార్గం ఉందా?

ఉంది. తిరుమల లడ్డూ నెయ్యి వివాదం దీనికి ఉదాహరణ. ఏపీ ప్రభుత్వం వేసిన సిట్ మీద రాజకీయ దుమారం రేగింది. 2024 అక్టోబర్ 4న సుప్రీంకోర్టు కొత్త సిట్ వేసింది. ఇద్దరు సీబీఐ అధికారులు, ఇద్దరు రాష్ట్ర పోలీసు అధికారులు, ఆహార భద్రత సంస్థ నుంచి ఒకరు. పర్యవేక్షణ సీబీఐ డైరెక్టర్‌ది. పూర్తిగా రాష్ట్రానికీ వదల్లేదు, పూర్తిగా సీబీఐకీ ఇవ్వలేదు. రెండు వైపులా అనుమానాలున్న కేసుల్లో కోర్టులు ఇలాంటి దారి కూడా పడుతున్నాయి.

మీకు అవసరం వస్తే ఏం చేయాలి?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి గానీ, ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగి గానీ లంచం అడిగితే నేరుగా సీబీఐకి ఫిర్యాదు చేయొచ్చు. హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో సీబీఐ బ్రాంచ్‌లు ఉన్నాయి. డబ్బు ఇచ్చే ముందే చెప్పడం మంచిది. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా అధికారులకు చెప్పినవాళ్లకు రక్షణ ఉంది.

హత్య, మోసం లాంటి కేసు అయితే ముందు స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ ఉండాలి. పోలీసులు తీసుకోకపోతే ఎస్పీకి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు. దర్యాప్తు పక్కదారి పడుతోందని నమ్మితే హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాలి. అక్కడ 'మాకు పోలీసుల మీద నమ్మకం లేదు' అంటే చాలదు. పోలీసులకో, అధికారంలో ఉన్నవాళ్లకో కేసుతో సంబంధం ఉందనో, కేసు వేరే రాష్ట్రాలకు పాకిందనో, ఆధారాలు పట్టించుకోలేదనో కాగితాలతో చూపించాలి. ఫిర్యాదు కాపీలు, రసీదులు, తేదీలు జాగ్రత్తగా పెట్టుకోండి. కోర్టులో పనికొచ్చేవి అవే.

పరిష్కారం ఏంటి?

2021 ఆగస్టులో మద్రాస్ హైకోర్టు మధురై బెంచ్ సీబీఐకి సొంత చట్టం తేవడం గురించి ఆలోచించాలని కేంద్రానికి సూచించింది. 2022 ఏప్రిల్ 1న సీబీఐ వేదికపైనే అప్పటి సీజేఐ, ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరం బిడ్డ జస్టిస్ ఎన్.వి.రమణ ఇంకో ఆలోచన పెట్టారు. సీబీఐ, ఈడీ లాంటి సంస్థలన్నీ ఒకే స్వతంత్ర గొడుగు కిందికి రావాలన్నారు. అటు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం, సమ్మతి లేకున్నా సీబీఐ కేసులు పెడుతోందంటూ సుప్రీంకోర్టుకెక్కింది. ఆ దావా విచారణకు అర్హమైనదేనని 2024 జులైలో కోర్టు చెప్పింది.

సొంత చట్టం ఎందుకు రావడం లేదు? ఊహించడం కష్టం కాదు. కేంద్రంలో ఉన్నవాళ్లకు పట్టు వదులుకోవడం ఇష్టం ఉండదు. రాష్ట్రంలో ఉన్నవాళ్లకు తాళం చెవి వదులుకోవడం ఇష్టం ఉండదు. ఎవరైనా ప్రతిపక్షంలో ఉన్నంతసేపే సీబీఐకి స్వేచ్ఛ కావాలంటారు.

అందుకే ఈసారి స్క్రోలింగ్‌లో 'సీబీఐ విచారణకు డిమాండ్' అని కనిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. రాష్ట్రం సమ్మతి ఇచ్చిందా? కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చిందా? లేక కోర్టు ఆదేశించిందా? మూడూ లేకపోతే అది ఇంకా డిమాండే, దర్యాప్తు కాదు. మూడింటిలో ఏదో ఒక దారిలో సీబీఐ వచ్చినా, అసలు ప్రశ్న అప్పుడు మొదలవుతుంది.. చార్జిషీట్ ఎప్పుడు వేస్తారు, కోర్టులో వాయిదాలు ఎన్ని, తీర్పు ఎప్పుడు? డిమాండ్ చేసిన నాయకులు ఆ రోజు దాకా గుర్తుపెట్టుకోకపోవచ్చు. కోర్టు మెట్లెక్కే కుటుంబం మాత్రం ప్రతి వాయిదా తేదీని గుర్తుపెట్టుకుంటుంది.